ఆదివారాల ఎద్దుతల మనిషి

డాక్టర్ సాబ్ పోయాడని మాకు నెల దాటాక తెలిసింది. పెద్దపల్లి బస్టాండులో పాత ఊరి మనిషి ఒకడు మా ఆయనకు కనిపించి, బస్సు కదులుతుంటే కిటికీలోంచి చెప్పాడట. మా ఆయన ఇంటికి వచ్చి, చెప్పులు విప్పకుండానే గడప మీద కూలబడ్డాడు. "డాక్టర్ సాబ్ పోయిండట" అన్నాడు. నేను బియ్యం చెరుగుతున్నాను. చేట కింద పెట్టలేదు, మళ్ళీ చెరగనూ లేదు. ఆయన గురించి మేమిద్దరం ఏడేళ్ళుగా మాట్లాడుకోలేదు. మరిచిపోయి కాదు.

ఆయన నిజానికి డాక్టరు కాదు, పశువుల దవాఖానలో కాంపౌండరు. ఆసిఫాబాద్ నుంచి జైనూర్ వైపు పోయే దారిలో, గుట్టలు మొదలయ్యే చోట ఒక ఊరు. పేరు ఇక్కడ వద్దు. అక్కడి డాక్టరు కుర్చీ ఎప్పుడూ ఖాళీయే. వచ్చిన ప్రతివాడూ మూడు నెలలు తిరక్కుండా బదిలీ చేయించుకుని పోయేవాడు. చుట్టూ ఉన్న గూడేలన్నిట్లో బర్రె ఈనలేకపోయినా, ఎద్దు కాలిలో మేకు దిగినా ఈయనే పోవాలి. అందుకని జనం డాక్టర్ సాబ్ అన్నారు, మేమూ అదే అన్నాం. భార్యాపిల్లలు కరీంనగర్‌లో ఉండేవాళ్ళు. ఈయన మా ఎదురింటి గదిలో ఒక్కడే. మా ఆయన ఆ ఊరి హైస్కూల్లో లెక్కల సారు. మాకు పెళ్ళయి రెండేళ్ళు.

యాభై దాటిన మనిషి. పొడుగు, కొంచెం వంగిన మెడ. కుడిచేతి చొక్కా ఎప్పుడూ భుజం దాకా మడిచి ఉండేది, ఎడమచేతిది గుండీ పెట్టి ఉండేది. కుర్చీ వేస్తే కూర్చునేవాడు కాదు. అరుగు అంచున, లేవడానికి సిద్ధంగా ఉన్నట్టు కూర్చునేవాడు. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకునే నిద్రపోయేవాడు, గ్లాసు మాత్రం వంగేది కాదు. కొత్తవాళ్ళెవరైనా వస్తే ముందు వాళ్ళ నడక చూసేవాడు. నన్ను మొదటిసారి చూసి ఆయన అన్న మాట, "ఎడమ కాలు జర ఈడుస్తున్నవ్ చెల్లె, చెప్పు కరుస్తున్నదా?" నిజంగానే కరుస్తోంది.

మా ఇంట్లో ఆదివారం ఆట ఒకటి మొదలవడానికి కారణం మా ఆయన. హైదరాబాద్ పోయినప్పుడు కోఠీ ఫుట్‌పాత్ మీద అట్ట ఊడిపోయిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి కొన్నాడు. లెక్కల పట్టికలు కనిపించి కొన్నాడట. తీరా చూస్తే అది ఆట పుస్తకం. అందులో బల్ల లేదు, పావులు లేవు. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం ఎంచుకుంటారు, వీరుడో, మంత్రగాడో, దొంగో. "మీ ముందర ఒక తలుపున్నది, ఏం చేస్తరు?" అని కథ నడిపేవాడు అడుగుతాడు. వాళ్ళు చెప్తారు. అయ్యేదీ కానిదీ పాచికలు తేలుస్తాయి. ఆ పాచికకు ఇరవై ముఖాలుండాలట. మా ఊళ్ళో ఎక్కడ దొరుకుతుంది? మా ఆయన ఒకటి నుంచి ఇరవై దాకా చీటీలు రాసి స్టీలు గ్లాసులో వేశాడు. అంకె పెద్దదైతే గెలుపు, చిన్నదైతే దెబ్బ. అడవి ఊరు, ఆదివారం మధ్యాహ్నం, సినిమా హాలు లేదు. నేను విలుకాడి వేషం తీసుకున్నాను. డాక్టర్ సాబ్ చాయ్‌కి వచ్చి ఇరుక్కున్నాడు. ఆయనకు మా ఆయన ఒక కత్తివీరుడి కాగితం ఇచ్చాడు.

మూడో ఆదివారం అనుకుంటాను. భూమి కింద చిక్కుదారుల కోటలోకి దిగాం. "భూల్‌భులయ్యా" అని డాక్టర్ సాబ్ తనకు తాను చెప్పుకున్నాడు. మలుపులు తిరిగి తిరిగి నడిమధ్య గదికి చేరాం. మా ఆయన గొంతు తగ్గించి చదివాడు. మనిషి ఒళ్ళు, ఎద్దు తల, చేతిలో గొడ్డలి, నరమాంసమే తిండి. దాని పేరు మినోటార్.

"కొట్టుండ్రి" అన్నాడు మా ఆయన. నేను బాణం తీశాను.

"ఆగు చెల్లె" అన్నాడు డాక్టర్ సాబ్. "మాస్టర్ సాబ్, ఎన్ని పండ్లది?"

"పండ్లేంది?"

"వయసు తెల్వాలె గద. రెండు పండ్లదా, ఆరు పండ్లదా? ఎద్దా, కోడెనా?"

మా ఆయన పుస్తకం తిరగేశాడు. "గవన్నీ రాయలే."

"గదే అసలు సంగతి, గది రాయకపోతే ఎట్ల? ఎద్దుకు మీది దవడకు ముందటి పండ్లే ఉండవు. గడ్డిని నాలికతోటి చుట్టి తెంపుతది. మనిషినెట్ల కొరుకుతది? గీ రాసినోడు దొడ్డి మొకం సూసినోడు కాదు."

"కథ గద డాక్టర్ సాబ్."

"కథనే. అయితే గిది గీడికి ఎట్లచ్చింది? ఎవలు తెచ్చి కట్టేసిండ్రు? తిండి ఎవలు పెడుతున్నరు?"

దాని చేతిలో గొడ్డలి ఉన్నదని మా ఆయన గుర్తుచేశాడు. డాక్టర్ సాబ్ కత్తి కింద పెట్టేశానన్నాడు. ఎడమ పక్కనుంచి పోతానన్నాడు. ఎదురుగా పోతే బెదురుతుందట, వెనక నుంచి పోతే తంతుందట. చెయ్యి చాచి వాసన చూడనిస్తానన్నాడు. ఇదంతా చెప్తూ తన చెయ్యి నిజంగానే చాచాడు, అరచెయ్యి పైకి, వేళ్ళు ముడిచి. మా ఆయన గ్లాసు ముందుకు జరిపాడు. డాక్టర్ సాబ్ తీసిన చీటీ మీద పంతొమ్మిది ఉంది.

"ఏమైతదిప్పుడు?" అన్నాను నేను.

మా ఆయన చాలాసేపు ఆలోచించి, "గొడ్డలి కింద పెట్టింది" అన్నాడు.

"పెడ్తది. అలిసిన పసురం అది" అన్నాడు డాక్టర్ సాబ్.

మరుసటి ఆదివారం కత్తివీరుడి కాగితం తెచ్చి మా ఆయనకు తిరిగి ఇచ్చేశాడు. "మాస్టర్ సాబ్, నేను గా ఎద్దుతలోని వేషమేస్త."

పుస్తకంలో అది రాక్షసుల జాబితాలో ఉందనీ, వేషాల జాబితాలో లేదనీ మా ఆయన వాదించాడు. తను లెక్కల మనిషి, నియమం తప్పితే నిద్ర పట్టదు. అప్పుడు ఇంగ్లీషు కొంత ఎక్కువ చదువుకున్న నేను పుస్తకం చివర చినిగిన పుటలు వెతికితే ఒక చోట దొరికింది. కథ నడిపేవాడికి ఇష్టమైతే రాక్షస జాతుల వాళ్ళను కూడా ఆడేవాళ్ళు ఎంచుకోవచ్చునట. మినోటార్‌కు బలం ఎక్కువ, తెలివి తక్కువ, ఎంతటి చిక్కుదారిలోనైనా తోవ తప్పడు.

"తోవ తప్పడు అన్న మాటొక్కటి సక్కగ రాసిండు" అని సంతోషపడ్డాడు డాక్టర్ సాబ్. "బండిల రైతు పండుకున్నా ఎడ్లు ఇల్లు జేరుస్తయి."

మరి రాజు వేషమో మంత్రగాడి వేషమో ఎందుకు వద్దని అడిగాను. "గవి నాకు రావు చెల్లె. ఎద్దు కష్టమంటే ఎరుకే" అన్నాడు.

తర్వాత ఏడాదిన్నర ఆదివారాలన్నీ ఆ ఎద్దుతల మనిషితోనే నడిచాయి. ఆయన ఆడే తీరు వేరు. ఎద్దుతల మనిషి నోరు విప్పేవాడు కాదు. ముందు నడిచేవాడు, మూటలు మోసేవాడు. నిధి దొరికితే తీసుకునేవాడు కాదు, నీళ్ళెక్కడున్నాయని అడిగేవాడు. దారిలో కనిపించినవాళ్ళు కొమ్ములు చూసి పారిపోతే ఏమీ అనేవాడు కాదు. నేనూ మా ఆయనా నియమాల మీద పోట్లాడుకుంటుంటే, "మావోడు గీడనే నిలవడ్డడు. మీది తెగినంక చెప్పుండ్రి" అని గోడకు ఆనుకుని కళ్ళు మూసుకునేవాడు. ఒకసారి ఒక రాజు ఎద్దుతల మనిషికి సేనాపతి పదవి ఇస్తానన్నాడు. మా ఆయన దాని కోసం రెండు రాత్రులు కూర్చుని కథ అల్లాడు. డాక్టర్ సాబ్ విని, "గా పని జేస్తే సుట్టి ఎప్పుడు దొరుకుతది?" అని అడిగాడు. సెలవు దొరకదన్నాడు మా ఆయన. "మరెందుకు?" అన్నాడు.

ఆట సగంలో ఉండగానే గేటు దగ్గర ఎవరో ఒకరు పలుపుతాడు పట్టుకుని నిలబడేవాళ్ళు. ఆదివారమని లేదు, పండుగని లేదు. "సాబ్, జర రావాలె" అనేవాళ్ళు. ఆయన ఎన్నడూ విసుక్కోలేదు, అలాగని ఉత్సాహంగానూ లేచేవాడు కాదు. మోకాళ్ళ మీద చేతులు ఆనించి, ఒక్కో కీలూ విప్పుకుంటున్నట్టు మెల్లగా లేచేవాడు. తన కాగితం మీద ఒక గులకరాయి పెట్టి, "మావోణ్ని గీడ కట్టేసిపోతున్న. వచ్చి ఇప్పుకుంట" అని పోయేవాడు. చాలాసార్లు ఆ రాయి వచ్చే ఆదివారం దాకా అలాగే ఉండేది.

ఇప్పుడు ఒక వానాకాలం సంగతి చెప్పాలి.

గొంతు వాచి, గురక పెడుతూ, ఒక్క రోజులో పశువును పడేసే రోగం ఒకటి ఉంది. వానలు ముదరకముందే టీకాలు వెయ్యాలి. ఆ ఏడు టీకాల మందు ఆలస్యంగా వచ్చింది. వచ్చేసరికి గుట్ట మీది గూడెంలో రెండు ఎడ్లు అప్పటికే పడ్డాయి. మందు చల్లగా ఉంచాలి. దవాఖాన ఫ్రిజ్ చెడిపోయి రెండేళ్ళు. వీధి మొత్తానికి మా ఇంట్లోనే ఫ్రిజ్ ఉండేది, సుల్తానాబాద్ నుంచి మా బాపు ధాన్యం లారీలో పంపిన పాతది. సర్కారు మందు ఇంకొకరి ఇంట్లో పెట్టకూడదు. అయినా అంతకుముందు కూడా పెట్టుకున్నాడు, మేమూ కాదనలేదు. శుక్రవారం నాడు సీసాలున్న డబ్బా తెచ్చి ఇచ్చాడు. "బుధవారం ఎక్కుత చెల్లె. గప్పటిదాక గూడెమోళ్ళు పసులను ఒక్క తాన జమజేస్తరు. నేను పోయి చెప్పొస్త" అని గుట్టెక్కాడు.

శనివారం పొద్దున మా అవ్వ బావి దగ్గర జారిపడ్డదని కబురు వచ్చింది. ఉన్నపళంగా తాళం వేసి ఇద్దరం సుల్తానాబాద్ బస్సెక్కాం. తాళంచెవి ఎవరికైనా ఇచ్చి పోవాలన్న ఆలోచనే రాలేదు. అవ్వకు తుంటి ఎముక విరిగింది. మేము తిరిగి వచ్చింది మంగళవారం మధ్యాహ్నం. తలుపు తీయగానే పాలు విరిగిన వాసన. శనివారం రాత్రి గాలివానకు కరెంటు పోయిందనీ, ఆ మంగళవారం పొద్దునే వచ్చిందనీ పక్కింటావిడ చెప్పింది. నేను పాలు పారబోశాను. ఫ్రిజ్ తుడిచాను. సీసాల డబ్బా తడి కూడా తుడిచి మళ్ళీ లోపల పెట్టాను. సాయంత్రానికి అన్నీ చల్లబడ్డాయి.

దీపాల వేళకు డాక్టర్ సాబ్ వచ్చాడు. డబ్బా చేతికిచ్చాను. మూత తీసి ఒక సీసా అరచేతిలో పట్టుకున్నాడు. "అవ్వకెట్లున్నది?" అని అడిగాడు. చెప్పాను. తర్వాత సీసాను చూస్తూనే, "కరెంటు ఉండెనా చెల్లె?" అన్నాడు.

"ఉండె" అన్నాను.

ఆ మాట ఎందుకు అన్నానో ఇప్పటికీ నాకు సరిగ్గా తెలియదు. మా ఆయన నా వెనకే ఉన్నాడు. ఆయనా ఏమీ అనలేదు. సర్కారు మందు పాడైతే ఎవరి మీదికి వస్తుందో అన్న భయం ఒకటి. నా ఇంట్లో, నా చేతుల్లో పాడైందన్న సిగ్గు ఒకటి. డాక్టర్ సాబ్ తల ఊపి, డబ్బా చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

ఆయన ఆ మందు వెయ్యలేదు. వాగు దాటుతుంటే డబ్బా జారి కొట్టుకుపోయిందని పై అధికారులకు రాసిచ్చాడు. ఉత్త చేతులతో గూడెం చేరాడు. మళ్ళీ మందు వచ్చేసరికి పద్దెనిమిది రోజులు పట్టింది. అన్నాళ్ళూ ఆయన కిందికి దిగలేదు. తన దగ్గరున్న సూదిమందు ఉన్నంత వరకు వేశాడు. అయిపోయాక చచ్చిన పశువులను లోతుగా పాతిపెట్టించాడు, బతికినవాటిని దూరంగా కట్టించాడు. మందు తేకుండా వచ్చాడని అక్కడివాళ్ళు ఆయనకు తాగడానికి నీళ్ళివ్వని రోజులు కూడా ఉన్నాయని తర్వాత విన్నాం. మందు పోగొట్టాడని ఇటు పైనుంచి మెమో వచ్చింది.

దిగివచ్చిన ఆదివారం తిన్నగా మా ఇంటికే వచ్చాడు. గడ్డం పెరిగింది, కళ్ళు లోపలికి పోయాయి. అరుగు అంచున కూర్చుని, "మనుషులే కాడి గుంజుతున్నరు మాస్టర్ సాబ్" అన్నాడు. "మొగుడు ఒక దిక్కు, పెండ్లాం ఒక దిక్కు. వెనక తండ్రి నాగలి వట్టిండు." నేను చాయ్ పెట్టాను.

"ఆట తియ్యి" అన్నాడు డాక్టర్ సాబ్.

"ఇయ్యాల వద్దు, డాక్టర్ సాబ్."

"తియ్యి. గందుకే వచ్చిన. రాసుకున్నవ్ గద, గదే నడిపియ్యి."

మా ఆయన వద్దనడానికి కారణం నాకు తెలుసు. ఆ కథ వానలకు ముందే రాసి పెట్టుకున్నాడు. అందులో ఎద్దుతల మనిషి వచ్చాకే ఒక ఊరికి జబ్బు పట్టిందని జనం కర్రలు పట్టుకుని వస్తారు. మార్చి చెప్పడానికి చూశాడు, కానీ అబద్ధం ఆయనకు తొందరగా రాదు. తడబడుతూనే ఉన్నది ఉన్నట్టు చదివేశాడు.

"ఏం చేస్తరు?" అని అడిగాడు, తల ఎత్తకుండా.

"ఏం చెయ్యడు" అన్నాడు డాక్టర్ సాబ్.

"కొడ్తరు. చంపుతరు. పారిపోవచ్చు, తోవ ఎరుకే గద."

"గాళ్ళ పసులు సచ్చినయి, మాస్టర్ సాబ్. కోపముంటది."

నేను నా విలుకాణ్ణి ముందుకు తెచ్చాను. ఎద్దుతల మనిషికి అడ్డంగా నిలబడ్డానన్నాను. డాక్టర్ సాబ్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. రాత్రంతా పడ్డ పశువు దగ్గర కూర్చుని తెల్లారి దాని యజమానిని చూసే చూపు అది. "జరుగు చెల్లె" అన్నాడు. "నీకెందుకు దెబ్బలు?"

నేను జరిగాను. ఆయన గ్లాసులోంచి చీటీ తీసి, విప్పకుండా మా ఆయనకు ఇచ్చాడు. మా ఆయన విప్పి చూసి, "పదమూడు. దెబ్బలు తగిలినయి గని బతికిండు" అన్నాడు.

డాక్టర్ సాబ్ చెయ్యి చాచి చీటీ అడిగి తీసుకున్నాడు. "మూడే ఉన్నది. లెక్కల సారువు, గిట్ల చదువుతవా?" అని చిన్నగా నవ్వాడు. తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి మా ఆయన చేతిలో పెట్టాడు. చాయ్ తాగి, గ్లాసు ఎప్పటిలాగే తనే కడిగి బోర్లించి పోయాడు.

పదిరోజులకు విచారణకు ఒక అధికారి వచ్చాడు. మందు ఎక్కడ నిలవ ఉంచావని అడిగితే, దవాఖానలోనే, కుండలో తడి ఇసుక పోసి ఉంచానని చెప్పాడట డాక్టర్ సాబ్. మా ఇంటి మాట ఎత్తలేదు. ఆ రోజంతా నేను తలుపు దగ్గరే నిలబడి ఉన్నాను. దవాఖాన మా ఇంటికి నాలుగిళ్ళ అవతల. పోయి చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మా ఆయన బడి నుంచి వచ్చి, "పోదామా?" అన్నాడు. "పోదాం" అన్నాను. ఇద్దరం కదల్లేదు. డాక్టర్ సాబ్‌ను ఆరు నెలలు సస్పెండ్ చేసి, తర్వాత ఇంకా లోపలి ఊరికి వేశారు. సామాను బండికెత్తుతూ మా ఆయనకు సలాం చేశాడు. నాతో, "అవ్వను పైలంగ నడువుమను" అన్నాడు. అదే ఆఖరు చూపు.

ఆ మనిషి పోయాడని తెలిసిన వారానికి నేను ఒక్కదాన్నే కరీంనగర్ పోయాను. సైకిల్ షాపు వెనక రెండు గదుల ఇల్లు. డాక్టర్ సాబ్ భార్యను, భాభీని, చూడటం అదే మొదటిసారి. సన్నటి మనిషి, ఎవరితోనూ ఎక్కువ మాట్లాడే ఓపిక లేనట్టుంది. పేరు చెప్పగానే గుర్తుపట్టింది. చాప వేసింది. ఆయన ఎలా పోయాడో చెప్పింది. పొద్దున లేచి ముఖం కడుక్కుని, మళ్ళీ పడుకుంటానన్నాడట, ఎన్నడూ లేనిది.

నేను వచ్చిన పని చెప్పేశాను. "ఆనాడు కరెంటు లేకుండె భాభీ. ఉన్నదని నేను అబద్ధమాడిన."

ఆమె కొంగుతో చాప మీద దుమ్ము దులుపుతూ, "ఎరుకే" అంది.

"ఎట్లెరుక భాభీ?" అన్నాను.

"ఆయనకు ఆదివారం పొద్దుగాల్నే ఎరుక. ఊరంత కరెంటు పోతే గుట్ట మీదికి కబురు రాదా? ఉరికొచ్చిండు. మీ ఇంటికి తాళమున్నది. దవాఖాన అటెండరు రాయి తెచ్చిండట. పలగొడుదం సాబ్, డబ్బా తీసి ఆసిఫాబాద్ కెల్లి మంచుగడ్డ తెప్పిస్తే మందు బతుకుతది అన్నడట. ఈయన వద్దన్నడు. చెల్లె లేనప్పుడు ఇంట్ల ఎట్ల జొరవడుత అన్నడు. మాపటిదాక మీ అరుగు మీదనే కూసున్నడట, వస్తరేమో అని."

చాప దులపడం ఆపింది.

"నీ మీద కోపం లేకుండె ఆయనకు. తన మీదనే. పసులు సచ్చినయి గద. సచ్చేదాక గదొక్కటే మాట, గా తాళం నేనెందుకు పలగొట్టకపోతి, నేనెందుకు పలగొట్టకపోతి అని. అన్నం తినుకుంట గూడ అంటుండె." నా ముఖంలోకి చూసింది. "పెద్ద తాళమా చెల్లె అది?"

అంగట్లో కొన్న రేకు తాళం. తాళంచెవి ఎక్కడో పెట్టి మరిచిపోయినప్పుడు మా ఆయన రెండుసార్లు రాయితో కొట్టి తీశాడు. రెండుసార్లూ ఒక్క దెబ్బకే ఊడివచ్చింది.

"పెద్దదే భాభీ" అన్నాను. "ఎంత కొట్టినా పలుగకపోతుండె."